వన్యప్రాణి సంరక్షణలో జన్యు, పునరుత్పత్తి విజ్ఞానం: హైదరాబాద్ కృషి

అంతరించే ప్రమాదంలో ఉన్న అడవి జంతువులను కాపాడటానికి జన్యు పరిశోధననూ, కృత్రిమ గర్భధారణ వంటి పద్ధతులనూ వాడుకునే విజ్ఞానానికి భారతదేశంలో ప్రధాన కేంద్రం హైదరాబాద్. నగరానికి తూర్పు దిక్కున హబ్సిగూడలో ఉన్న కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ), దాని ఆధ్వర్యంలో అత్తాపూర్‌లో ఏర్పడిన అంతరించిపోతున్న జాతుల సంరక్షణ ప్రయోగశాల (లాకోన్స్) ఈ పనిని పాతికేళ్లుగా చేస్తున్నాయి. కృత్రిమ గర్భధారణ ద్వారా 2006లో చుక్కల దుప్పి పిల్ల, 2007లో కృష్ణజింక పిల్ల పుట్టింది ఇక్కడి కృషివల్లనే. అడవి నుంచి దాదాపు మాయమైన మూషిక జింకను పెంచి నల్లమలకు తిరిగి చేర్చడంలోనూ, 23 జాతుల జీవకణాలను, వీర్యాన్ని భద్రపరిచిన జన్యు వనరుల బ్యాంకును నెలకొల్పడంలోనూ ఈ సంస్థదే ప్రధాన పాత్ర.

నగరంలో కృష్ణజింకలు

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ దాటి విజయవాడ రహదారి మీద సాగితే వనస్థలిపురం దగ్గర మహావీర్ హరిణ వనస్థలి జాతీయ ఉద్యానం వస్తుంది. ఒకప్పుడు నిజాం వేటాడిన ప్రదేశం ఇది. వర్ధమాన మహావీరుడి 2500వ నిర్వాణ వార్షికోత్సవం సందర్భంగా 1975లో దీనికి ఆయన పేరు పెట్టి, కృష్ణజింకలకు ఆశ్రయంగా తీర్చిదిద్దారు. విస్తీర్ణం సుమారు 14.5 చదరపు కిలోమీటర్లు. కృష్ణజింకలతో పాటు చుక్కల దుప్పులు, అడవి పందులు, ముళ్లపందులు, నెమళ్లు ఇక్కడ ఉంటాయి.

కృష్ణజింకది గడ్డినేలల బతుకు. దట్టమైన అడవిలో అది ఉండలేదు. దూరం నుంచే ముప్పును పసిగట్టి, ఎగిరెగిరి దూకుతూ పరుగెత్తి తప్పించుకుంటుంది. మగదాన్ని తెలుగువారు ఇర్రి అంటారు. వయసు వచ్చేకొద్దీ దాని వీపు నల్లబడుతుంది, కొమ్ములు మెలితిరుగుతాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు ఇది రాష్ట్ర జంతువు, ఇప్పటికీ ఆంధ్రప్రదేశ్‌కు అదే గుర్తింపు కొనసాగుతోంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని మొదటి షెడ్యూలు దీనికి రక్షణనిస్తోంది.

ఉద్యానం ఏర్పడిన నాటికి హైదరాబాద్ తూర్పు అంచు ఇంత దూరం రాలేదు. తరవాతి దశాబ్దాల్లో వనస్థలిపురం, ఆటోనగర్, హయత్‌నగర్ కాలనీలు పెరిగి ఈ గడ్డినేలను చుట్టుముట్టాయి. గోడ, కంచె జింకలను వాహనాల నుంచీ వేటగాళ్ల నుంచీ కాపాడుతున్నాయి. అయితే బయటి మందల నుంచి కొత్త ఇర్రి లోపలికి వచ్చే దారిని కూడా అవే మూసేశాయి. ఇలా ఒంటరిగా మిగిలిన మందలు దేశమంతటా ఉన్నాయి. జన్యు విజ్ఞానం అవసరం మొదలయ్యేది ఇక్కడే.

జన్యు వైవిధ్యం ఎందుకు ముఖ్యం

ఒక జాతిలో జంతువులన్నీ ఒకేలా కనిపించినా వాటి డీఎన్ఏలో వేల తేడాలు ఉంటాయి. కొత్త రోగం వచ్చినప్పుడు, కరవు పడినప్పుడు, వాతావరణం మారినప్పుడు ఈ తేడాల వల్లనే కొన్నయినా తట్టుకుని బతుకుతాయి. మంద చిన్నదైతే దగ్గరి రక్తసంబంధం ఉన్నవే జతకట్టాల్సి వస్తుంది. అప్పుడు తల్లి వైపునా తండ్రి వైపునా దాగి ఉన్న లోపాలు పిల్లలో కలిసి బయటపడతాయి. చూలు నిలవకపోవడం, పిల్లలు బలహీనంగా పుట్టడం, మగవాటి వీర్యంలో వికృత కణాలు పెరగడం దీని ఫలితాలు. దీన్నే అంతఃప్రజనన క్షీణత అంటారు.

చాలాకాలంగా వాడుకలో ఉన్న ఒక స్థూల సూత్రాన్ని 1980లో జన్యుశాస్త్రవేత్త ఇయాన్ ఫ్రాంక్లిన్ ప్రతిపాదించాడు. అంతఃప్రజనన నష్టం నుంచి కొద్దికాలం తప్పించుకోవాలంటే సంతతికి నిజంగా జన్యువులందించే జంతువులు కనీసం 50 ఉండాలి. దీర్ఘకాలం మారుతూ మనగలగాలంటే 500 కావాలి. మందలో వందల తలలున్నా, కొద్ది మగవే జతకట్టే కృష్ణజింకల వంటి జాతుల్లో ఈ అసలు సంఖ్య చాలా తక్కువగా ఉంటుంది. లెక్కకు కనిపించే మందను చూసి నిశ్చింతగా ఉండకూడదన్నది అందుకే.

ఒడిశాలోని సిమిలిపాల్ అడవి దీనికి స్పష్టమైన ఉదాహరణ. అక్కడి కొన్ని పులులకు చారలు వెడల్పై, కలిసిపోయి, ఒళ్లు నల్లగా కనిపిస్తుంది. ట్యాక్‌పెప్ అనే జన్యువులో వచ్చిన మార్పు తల్లిదండ్రులిద్దరి నుంచీ అందినప్పుడు ఇలా జరుగుతుందని జీవశాస్త్రవేత్త ఉమా రామకృష్ణన్ బృందం 2021లో తేల్చింది. వేరే అడవులతో సంబంధం తెగి, తక్కువ పులులే తమలో తాము జతకట్టడం వల్ల అక్కడ ఈ లక్షణం పెరిగింది. 2024లో మహారాష్ట్రలోని తాడోబా నుంచి ఆడపులులను సిమిలిపాల్‌కు తరలించడానికి కారణం కొత్త జన్యువులను చేర్చడమే.

అమెరికాలో ఫ్లోరిడా పాంథర్ అనే పూమాల సంఖ్య 1990ల తొలినాళ్లలో 20–30కి పడిపోయింది. తోకలు వంకర తిరిగాయి, గుండె లోపాలు వచ్చాయి, మగవాటిలో వృషణాలు సరిగా దిగేవి కావు. 1995లో టెక్సాస్ నుంచి ఎనిమిది ఆడ పూమాలను తెచ్చి వదిలారు. తరవాతి సంవత్సరాల్లో సంఖ్య మూడింతలైంది, లోపాలు తగ్గాయి. ప్రయోగశాలలో ఒక్క పిల్లనూ పుట్టించకుండానే జన్యు పరిశోధన ఒక జాతిని నిలబెట్టగలదని ఈ ఉదంతం చూపింది.

లాకోన్స్ ఏర్పాటు

సీసీఎంబీ 1977లో పుష్పమిత్ర భార్గవ నాయకత్వంలో మొదలైంది. పాముల జన్యువుల మీద పరిశోధన చేస్తూ, కట్లపాము నుంచి దొరికిన ఒక డీఎన్ఏ భాగం ఆధారంగా భారతదేశంలో డీఎన్ఏ వేలిముద్రల పద్ధతికి పునాది వేసిన లాల్జీ సింగ్ ఇక్కడి శాస్త్రవేత్తే. 1998 నుంచి 2009 దాకా ఆయన సంస్థ సంచాలకుడు. మనుషుల కేసుల్లో పనికొచ్చిన పద్ధతులనే వన్యప్రాణుల కోసం వాడవచ్చని ఆయన గట్టిగా నమ్మారు. కేంద్ర జంతుప్రదర్శనశాలల ప్రాధికార సంస్థ, కేంద్ర బయోటెక్నాలజీ విభాగం, శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్ఐఆర్), నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చేయి కలపడంతో 1998లో లాకోన్స్ ప్రణాళిక రూపుదిద్దుకుంది. 2007లో అప్పటి రాష్ట్రపతి ఏపీజే అబ్దుల్ కలాం ఈ ప్రయోగశాలను జాతికి అంకితం చేశారు.

1963లో ప్రజలకు తెరుచుకున్న నెహ్రూ జంతుప్రదర్శనశాల దగ్గరలోనే ఉండటం దీనికి పెద్ద బలమైంది. పరిశోధకులకు జంతువులు, పశువైద్యులు, సంరక్షకుల అనుభవం ఒకచోటే అందాయి. జన్యు నిపుణుడికి డీఎన్ఏ తెలుసు, కానీ ఏ లేడి ఏ రోజు మేత మానేసిందో తెలిసేది దాన్ని రోజూ చూసే సంరక్షకుడికే. ఈ ఇద్దరి జ్ఞానమూ కలిస్తేనే పని సాగుతుంది.

కృత్రిమ గర్భధారణ

పశువులలో కృత్రిమ గర్భధారణ మన పల్లెలన్నింటికీ తెలిసిన విషయమే. గేదె ఎదకు వచ్చిందని రైతు అరుపును బట్టి, తీగను బట్టి గుర్తుపడతాడు. దాన్ని బోనులో కట్టి సూది వేయించడం నిమిషాల పని. అడవి జంతువు అలా కాదు. అది మనిషిని దగ్గరికి రానివ్వదు, ఎదకు వచ్చిన సంగతి బయటపెట్టదు. జింక జాతులు పట్టుకున్నప్పుడు పడే భయానికే కండరాలు దెబ్బతిని చనిపోవచ్చు.

అందుకే ముందు ఆ జాతి శరీరధర్మాన్ని అక్షరం అక్షరంగా నేర్చుకోవాలి. ఆడదాని ఋతుచక్రం ఎన్ని రోజులు, హార్మోన్లు ఎప్పుడు పెరుగుతాయి, ఎప్పుడు తగ్గుతాయి అన్నది తెలియాలి. మగదానికి మత్తు ఇచ్చి, స్వల్ప విద్యుత్ ప్రేరణతో వీర్యం సేకరిస్తారు. కణాల కదలికను, ఆకారాన్ని సూక్ష్మదర్శినిలో పరీక్షించి, గడ్డకట్టినా దెబ్బతినకుండా రక్షణ ద్రావణాలు కలిపి మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో ఉంచుతారు. ఆడదానికి హార్మోన్లు ఇచ్చి ఎద సమయాన్ని నిర్ణయించుకుని, శస్త్రచికిత్స లేకుండానే వీర్యాన్ని గర్భాశయం దాకా చేరుస్తారు. తరవాత చూలు నిలిచిందో లేదో చూస్తూ ఉండాలి.

ఈ వరసలో ఏ ఒక్క అడుగు తప్పినా ఫలితం ఉండదు. ఒక జాతికి కుదిరిన ద్రావణం మరో జాతి కణాలను చంపేయవచ్చు. ఇన్ని మెట్లు దాటి 2006లో చుక్కల దుప్పి ఈనింది. పిల్లకు స్పాటీ అని పేరు పెట్టారు. మరుసటి ఏడాది కృష్ణజింక పిల్ల బ్లాకీ పుట్టింది. నికోబార్ పావురాల పునరుత్పత్తిలోనూ లాకోన్స్ విజయం సాధించింది.

చుక్కల దుప్పి గానీ, కృష్ణజింక గానీ నేడు అంతర్జాతీయ లెక్కల్లో అంతరించే దశలో లేవు. లాకోన్స్ వాటిని ఎంచుకోవడంలోని వివేకం అదే. సమృద్ధిగా ఉన్న జాతుల మీద పద్ధతి నేర్చుకుంటే, పదీ పరకా మిగిలిన జాతి మీద తప్పులు చేసే అవసరం రాదు. అరుదైన జంతువు చేతికి వచ్చాక నేర్చుకుందామంటే సమయం మిగలదు.

పెంటికల నుంచి సమాచారం

జంతువును ముట్టుకోకుండానే దాని ఒంటి సంగతి తెలుసుకునే మార్గం కూడా ఉంది. పెంటికల్లో, మలంలో హార్మోన్ల అవశేషాలు ఉంటాయి. వాటిని కొలిస్తే ఆడది చూడిదో కాదో, ఎప్పుడు ఎదకు వస్తుందో, ఎంత ఒత్తిడిలో ఉందో తెలుస్తుంది. లాకోన్స్ శాస్త్రవేత్త జి. ఉమాపతి బృందం కన్హా, బాంధవ్‌గఢ్ పులుల మలాన్ని పరీక్షించి, పర్యాటకుల వాహనాలు తిరిగే కాలంలో వాటి ఒత్తిడి హార్మోన్లు పెరుగుతున్నాయని 2019లో ప్రకటించింది. ఎన్ని వాహనాలను అనుమతించాలన్న ప్రశ్నకు అభిప్రాయం కాకుండా కొలత దొరికింది.

మలంలో పేగు గోడల నుంచి రాలిన కణాలు కూడా ఉంటాయి. వాటి డీఎన్ఏతో ఒక్కొక్క పులినీ విడిగా గుర్తించి లెక్కపెట్టవచ్చని సీసీఎంబీ పరిశోధకులు 2006లో ప్రయోగాత్మక అధ్యయనం ప్రచురించారు. నీటిలో తేలే డీఎన్ఏ ముక్కలను చదివి చెరువులో, సరస్సులో ఏయే జీవులున్నాయో చెప్పే పద్ధతిని లాకోన్స్ చిలికా సరస్సులో పరీక్షించింది.

మూషిక జింక

మన దేశంలోని గిట్ట జంతువుల్లో అతి చిన్నది మూషిక జింక. బరువు మూడు కిలోల దాకా ఉంటుంది. కొమ్ములుండవు, మగదానికి పై కోరలు చిన్నగా బయటికి వస్తాయి. రాత్రివేళ తిరుగుతుంది, అలికిడి వింటే పొదలో కదలకుండా కూర్చుంటుంది. వేట వల్ల, అడవి పలచబడటం వల్ల తెలంగాణలో చాలా చోట్ల ఇది కనుమరుగైంది.

2010లో కేంద్ర జంతుప్రదర్శనశాలల ప్రాధికార సంస్థ, అటవీ శాఖ, లాకోన్స్ కలిసి నెహ్రూ జంతుప్రదర్శనశాలలో దీనికి సంరక్షణ ప్రజనన కేంద్రం తెరిచాయి. పట్టుమని పది కూడా లేని మందతో మొదలుపెట్టి, కొద్ది సంవత్సరాల్లోనే వందల్లోకి తెచ్చారు. పెంటికల్లోని హార్మోన్లను గమనించి దీని ఋతుచక్రం, గర్భకాలం తెలుసుకున్నారు. ఈనిన కొద్ది గంటల్లోనే మళ్లీ ఎదకు వచ్చే స్వభావం దీనికుంది. కాబట్టి మగదాన్ని ఎప్పుడు దగ్గర ఉంచాలో, ఎప్పుడు వేరు చేయాలో తెలిస్తే మంద వేగంగా పెరుగుతుంది. కృత్రిమ గర్భధారణ అవసరమే రాలేదు.

2017లో కొన్నిటిని నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యానికి తరలించారు. అడవి మేతకు అలవాటు పడేలా ముందు కంచె వేసిన ఆవరణలో ఉంచి ఆ తరవాత వదిలే పద్ధతి పాటించారు. తెలుగు నేల మీద ప్రయోగశాల, జంతుప్రదర్శనశాల, అడవి మూడూ ఒకే పనిలో కలిసిన సందర్భాల్లో ఇదే అత్యంత ఫలవంతమైనది.

జన్యు వనరుల బ్యాంకు

అడవి జంతువు చనిపోయినా దాని కణాలను సకాలంలో తీసి గడ్డకట్టిస్తే దశాబ్దాలు నిలుస్తాయి. ఈ ఉద్దేశంతో లాకోన్స్‌లో ఏర్పాటు చేసిన జాతీయ వన్యప్రాణి జన్యు వనరుల బ్యాంకును 2019 ఆగస్టులో కేంద్ర మంత్రి హర్షవర్ధన్ ప్రారంభించారు. అప్పటికే అందులో 23 భారతీయ జాతుల నుంచి సేకరించినవి ఉన్నాయి. దేశంలోని జంతుప్రదర్శనశాలలతో చేతులు కలిపి ఈ సేకరణను పెంచడం దాని లక్ష్యం.

ఈ బ్యాంకు రైతు ఇంట్లో విత్తనాల గాదె లాంటిది. ఈ ఏడు పంట పోయినా మళ్లీ విత్తుకునే అవకాశాన్ని అది మిగుల్చుతుంది, నేల మాత్రం ఉండాలి. ఇరవై ఏళ్ల కిందట చనిపోయిన ఇర్రి వీర్యం నేటి లేడికి అందితే, మందలో నశించిన జన్యు తేడా తిరిగి చేరుతుంది. ఒక మంద నుంచి మరో మందకు జంతువును తరలించే ప్రమాదం లేకుండా జన్యువులను మాత్రమే పంపవచ్చు.

వేటగాళ్ల మీద డీఎన్ఏ సాక్ష్యం

వండిన మాంసం, చర్మపు ముక్క, కొమ్ము పొడి దొరికినప్పుడు అది ఏ జంతువుదో కంటితో చెప్పలేం. వేటగాడు మేక మాంసమంటే కాదనడానికి ఆధారం ఉండేది కాదు. సీసీఎంబీలో సునీల్ కుమార్ వర్మ, లాల్జీ సింగ్ రూపొందించిన సార్వత్రిక ప్రైమర్ పద్ధతి ఈ చిక్కు తీర్చింది. కణాల్లోని మైటోకాండ్రియాలో ఉండే సైటోక్రోమ్ బి జన్యువులో ఒక చిన్న భాగాన్ని చదివి, ఏ జాతిదో నిర్ధారించడం దీని పని. ముందుగా జాతిని ఊహించాల్సిన అవసరం లేదు. ఈ పరిశోధన 2003లో ప్రచురితమైంది. దేశం నలుమూలల నుంచీ అటవీ, పోలీసు, కస్టమ్స్ శాఖలు పంపే నమూనాలను ఇక్కడ పరీక్షించి కోర్టులకు నివేదికలు ఇస్తున్నారు. ఒక పిల్లను పుట్టించడం ఎంత ముఖ్యమో, ఉన్న జంతువును చంపినవాడికి శిక్ష పడటమూ అంతే ముఖ్యం.

ప్రపంచ అనుభవం

అమెరికాలోని శాన్ డియాగోలో శాస్త్రవేత్త కర్ట్ బెనిర్ష్కె 1970లలో గడ్డకట్టించిన కణాల సేకరణ మొదలుపెట్టాడు. నల్లకాళ్ల ఫెర్రెట్ అనే చిన్న మాంసాహారి ఒక దశలో 18కి తగ్గింది. ఇప్పుడున్నవన్నీ వాటిలో ఏడింటి సంతతే. 1988లో భద్రపరిచిన విల్లా అనే ఆడదాని కణాల నుంచి 2020 డిసెంబరులో క్లోనింగ్ ద్వారా ఎలిజబెత్ ఆన్ పుట్టింది. విల్లా జన్యువులు ఆ ఏడింటి సంతతిలో లేవు. మరో క్లోన్ 2024లో పిల్లలను కనడంతో పోయిన జన్యువులు సంతతిలోకి చేరాయి.

ఉత్తర తెల్ల ఖడ్గమృగాల్లో చివరి మగది, సుడాన్, 2018 మార్చిలో కెన్యాలో చనిపోయింది. మిగిలినవి నజిన్, ఫటు అనే రెండు ఆడవే. ఫటు అండాలతో, నిల్వ ఉన్న వీర్యంతో పిండాలు తయారుచేసి దాచారు. దక్షిణ తెల్ల ఖడ్గమృగం పిండాన్ని అద్దె గర్భంలో నిలపగలిగామని శాస్త్రవేత్తలు 2024లో ప్రకటించారు.

వైఫల్యాలు కూడా ఉన్నాయి. 2001లో పుట్టిన అడవిదున్న క్లోన్ రెండు రోజుల్లో చనిపోయింది. అంతరించిన పైరెనియన్ కొండమేకకు 2003లో పుట్టిన క్లోన్ కొద్ది నిమిషాలే బతికింది. భారతదేశంలో చీతా అంతరించిందని 1952లో ప్రకటించారు. ఆసియా చీతాను క్లోనింగ్‌తో తిరిగి తేవాలని లాల్జీ సింగ్ ప్రతిపాదించినా ఇరాన్ జంతువులను గానీ కణాలను గానీ ఇవ్వలేదు. చివరికి 2022 సెప్టెంబరులో నమీబియా నుంచి ఎనిమిది ఆఫ్రికా చీతాలు మధ్యప్రదేశ్‌లోని కూనో జాతీయ ఉద్యానానికి వచ్చాయి. సకాలంలో కణాలు దాచుకోని జాతి విషయంలో విజ్ఞానం ఎంత నిస్సహాయమో ఇది చెబుతుంది.

పరిమితులు

కలివి కోడి కడప జిల్లా లంకమల ముళ్లపొదల పక్షి. 1848లో శాస్త్రలోకానికి తెలిసి, 1900 తరవాత కనిపించక, అంతరించిందనుకున్నాక 1986 జనవరిలో మళ్లీ దొరికింది. దొరికిన ఆ పక్షి బతకలేదు. ఈ జాతిని బోనులో పెంచిన అనుభవం ఎవరికీ లేదు. ఇలాంటి పక్షికి ప్రయోగశాల చేయగలిగింది స్వల్పం. దానికి కావలసింది అది తిరిగే ముళ్లపొదలు మిగలడం. దాని ఆవాసాన్ని తప్పించేలా తెలుగుగంగ కాలువ దారి మార్చడం లాంటి నిర్ణయాలే దానికి అసలు మందు.

బట్టమేక పిట్ట కోసం కర్నూలు ప్రాంతంలో 1988లో రోళ్లపాడు అభయారణ్యం ఏర్పడింది. అక్కడ రక్షణ దొరకగానే కృష్ణజింకలు పెరిగి చుట్టుపక్కల చేలను మేశాయి. రైతుల ఆగ్రహం అభయారణ్యం మీదికి మళ్లింది. చేలలో పంటల తీరు మారింది, గడ్డినేల కుంచించుకుపోయింది. పిట్టలు ఒక్కొక్కటే కనుమరుగయ్యాయి. 2024 అక్టోబరులో రాజస్థాన్‌లోని జైసల్మేర్ ప్రజనన కేంద్రంలో కృత్రిమ గర్భధారణతో బట్టమేక పిల్ల తొలిసారి గుడ్డు నుంచి బయటికి వచ్చింది. అది గొప్ప విజయమే. ఆ సంతతి ఏనాడైనా రోళ్లపాడుకు తిరిగి రావాలంటే గడ్డినేల ఉండాలి, పంట నష్టానికి సకాలంలో పరిహారం అందుతుందన్న నమ్మకం పక్క చేను రైతుకు ఉండాలి.

క్లోనింగ్ మీదున్న అభ్యంతరం కూడా సబబైనదే. ఒకే జంతువు నకళ్లు ఎన్ని పుట్టినా వైవిధ్యం పెరగదు. పోయినదాన్ని తిరిగి తెస్తామన్న ధీమాతో ఉన్నదాన్ని పోగొట్టుకునే ప్రమాదం ఉంది. జాతుల కలగలుపు మరో హెచ్చరిక. ఆఫ్రికా, ఆసియా సింహాల సంకర సంతతి మన జంతుప్రదర్శనశాలల్లో పెరిగిపోయాక, వాటి ప్రజననాన్ని ఆపాల్సి వచ్చింది. జతకట్టించే ముందే డీఎన్ఏ చూసి ఉంటే ఆ పరిస్థితి వచ్చేది కాదు.

ముందున్న పని

తూర్పు హైదరాబాద్‌లో ఒకవైపు దేశంలోనే పేరున్న జన్యు పరిశోధన సంస్థ, మరోవైపు కాలనీల నడుమ చిక్కిన కృష్ణజింకల గడ్డినేల ఉన్నాయి. నాగోల్ మీదుగా వెళ్లే రింగు రోడ్డే వీటిని కలుపుతోంది. హరిణ వనస్థలి మందల పెంటికలను క్రమం తప్పకుండా పరీక్షించి, వైవిధ్యం ఎలా ఉందో కొలుస్తూ ఉండాలి. తగ్గుతోందని తేలితే బయటి మంద నుంచి ఒకటి రెండు ఇర్రులను తేవడమో, దాచిన వీర్యాన్ని వాడటమో చేయవచ్చు. తరానికి ఒక్క కొత్త జంతువు కలిసినా ఒంటరి మందలో జన్యు నష్టం చాలావరకు ఆగుతుందన్నది సంరక్షణ జన్యుశాస్త్రం చెప్పే మాట. ఈ ఉద్యానంలో చనిపోయే ప్రతి జంతువు నుంచీ కణాలు తీసి బ్యాంకుకు చేర్చాలి.

జన్యు విజ్ఞానం, పునరుత్పత్తి విజ్ఞానం జాతికి గడువు ఇస్తాయి, బతుకును మాత్రం నేలే ఇవ్వాలి. ఎల్బీనగర్, వనస్థలిపురం, హయత్‌నగర్ వాసులకు ఈ వ్యాసం చేసే విన్నపం ఒకటే. మన ఇళ్ల పక్కనే ఉన్న ఈ గడ్డినేలలో ఒక్క ఎకరం కూడా తగ్గకుండా కాపాడుకుందాం. దాని గోడ పక్కన చెత్త వేయకుండా, కుక్కలు లోపలికి చొరబడకుండా చూద్దాం. లాకోన్స్ ఎన్ని జింకలను పుట్టించినా, అవి పరుగెత్తడానికి చోటు మిగిల్చే బాధ్యత నగరవాసులదే.